పందికొక్కు ముందు మహాసేనాని

మనుషుల ముందు నా పరువు చాలాసార్లు పోయింది. పందికొక్కు ముందు పోయింది మాత్రం ఒక్కసారే. అదీ చనిపోయిన మా అమ్మ పెంచిన పిల్లిని పణంగా పెట్టి మరీ పోగొట్టుకున్నాను. ఆ సాయంత్రం మామిడికుదురులో ఒక అటక, మా బాబాయి మోకాలు, నా మీద మా పిన్నికి ఉన్న మంచి అభిప్రాయం, మూడూ దెబ్బతిన్నాయి. మోకాలు ఒక్కటే పూర్తిగా నయమైంది.

ఆరేళ్ళ కిందటి మాట ఇది. అప్పటి నన్ను వెనకేసుకురావడానికి నేను ఇక్కడ కూర్చోలేదు. ముప్పై దాటిన మనిషిని, అమలాపురంలో కాలేజీ లైబ్రేరియన్ని, బీరువాల నిండా పుస్తకాలు పెట్టుకుని సాయంత్రం ఇంటికి రాగానే ఫోన్లో యుద్ధాల ఆట ఆడుకునేదాన్ని. ఆ ఏడాదే అమ్మ పోయింది. పుస్తకం తెరిస్తే రెండో పేజీకే అమ్మ గుర్తొచ్చేది. ఆటలో ఆ బాధ లేదు. ఎవడో ఒకడు కత్తి పట్టుకుని ఎప్పుడూ మీదకు వస్తూనే ఉంటాడు. ఏడవడానికి తీరిక దొరకదు.

ఆ ఆట తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. అందులో మనం యోధుడో, మాంత్రికుడో, ఏదో ఒక పాత్ర అవుతాం. ఆ పాత్రకు కొన్ని శక్తులుంటాయి. ఒక్కో శక్తికీ ఒక భయంకరమైన పేరు, దాని కింద అది శత్రువుకు ఎంత నష్టం చేస్తుందో, మళ్ళీ వాడాలంటే ఎంతసేపు ఆగాలో వివరం. గెలిచిన కొద్దీ లెవెల్ పెరుగుతుంది. బుద్ధి ఉన్నవాళ్ళు దాన్ని ఆట అనుకుంటారు. నేను జీవశాస్త్రం అనుకున్నాను.

అమ్మ వదిలి వెళ్ళిన పిల్లులు రెండు. ఒకటి నల్లది, ఒకటి మచ్చలది. ఒకే తల్లి పిల్లలు. రోజుకు నాలుగుసార్లు తన్నుకునేవి, ఐదోసారి ఒకదాని మీద ఒకటి పడుకుని నిద్రపోయేవి. ఈ ఐదో సంగతిని నేను ఎందుకు పట్టించుకోలేదో ఇప్పటికీ అర్థం కాదు. మిగతా నాలుగూ చూసి ముగ్ధురాలినై, ఒక పొడుగాటి నోట్‌బుక్ కొని, రాయడం మొదలుపెట్టాను.

నల్లదానికి ‘కాళరాత్రి మహాసేనాని’ అని పేరు పెట్టాను. లెవెల్ పన్నెండు. మచ్చలది మంచం కింద మాయమై బీరువా మీద ప్రత్యక్షమయ్యేది కనుక మాంత్రికుడు. ఇక శక్తులు. ‘అడ్డనడక: ఒళ్ళు విల్లువలె వంచి, తోక సీసాలు తోమే బ్రష్షువలె ఉబ్బించి, పక్కకు పక్కకు ఎగురుచు వచ్చుట. దీనితో శత్రువు ధైర్యము సగమునకు పడిపోవును.’ ‘వెల్లకిలా వ్యూహము: ఓడినట్లు నటించి పొట్ట చూపుట. నమ్మి దగ్గరకు వచ్చిన శత్రువును ముందు కాళ్ళతో బంధించి వెనుక కాళ్ళతో రుబ్బుట. మరల ప్రయోగించుటకు పది నిమిషములు ఆగవలెను.’ భాష చూశారా? ఇంట్లో పిల్లి పిల్లిని తంతే నాకు గ్రాంథికం వచ్చేది. దెబ్బ తిన్న పిల్లి ఠక్కున కూర్చుని చెయ్యి నాక్కుంటుంది కదా, దాన్ని కూడా వదల్లేదు. ‘ఏమియు జరగనట్లు నాకుట: దీనివలన సిగ్గు నలుబది పాయింట్లు తగ్గును.’

ఇంతవరకూ నష్టం లేదు. నోట్‌బుక్ మూసి పెట్టి ఉంటే ఈ వ్యాసమూ ఉండేది కాదు. కానీ ఒక ఆదివారం చర్చి నుంచి మా పిన్నీ బాబాయీ భోజనానికి వచ్చారు. పిన్ని అమ్మకు స్వయానా చెల్లెలు. బాబాయికి మామిడికుదురులో కొబ్బరితోట, ఇంటి వెనక కురిడీ కొట్టు. కొబ్బరికాయల్ని అటక మీద నెలల తరబడి ఎండబెడితే లోపలి కొబ్బరి పెంకు వదిలి గుండులా తయారవుతుంది, అదే కురిడీ. భోజనాలయ్యాక నేను నోట్‌బుక్ తెచ్చి చదివాను. పిన్ని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. అమ్మ పోయాక మా ఇంట్లో ఆవిడ నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు నా తలకెక్కింది.

బాబాయి నవ్వలేదు. మీసం సవరించుకుని, ఎంతో మర్యాదగా అడిగారు.

“అయితే ఈ సేనాని గారు యుద్ధంలో ఇంతవరకూ ఓడిపోలేదాండీ?”

“లేదండి బాబాయిగారూ.”

“మా అటక మీద ఓ పందికొక్కు ఉందండి. లెవెలెంతో అడగలేదు గానీ, రోజుకో కాయ తొలిచేస్తంది. తమరు దయతలిచి సేనాని గారిని ఓ వారం పంపిత్తే, వారి చేతుల మీదుగా ఆ కార్యం కూడా అయిపోద్ది కదాండీ?”

మా గోదావరి మనిషి కూతురి వరసైన దాన్ని ‘తమరు’ అన్నాడంటే గొయ్యి తవ్వేశాడని అర్థం. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు ఆ మాత్రం తెలియదా? తెలుసు. అయినా ఆ రోజు నాకు ‘తమరు’ చక్కగా కుదిరినట్టు అనిపించింది.

“ఆయ్,” అన్నాను.

పిన్ని నవ్వు ఆపేసింది. “ఒద్దే. అది అక్క పిల్లే. కొత్త చోట పారిపోతే మళ్ళీ దొరకదు. అక్కవి మనకి మిగిలినవి ఈ రెండే.”

“పారిపోవడమా! పిన్నీ, దానిది లెవెల్ పన్నెండు.”

ఈ వాక్యం నా నోటి నుంచే వచ్చింది. రాస్తుంటే ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి.

మరుసటి శనివారం మహాసేనానిని మూత బుట్టలో పెట్టి మామిడికుదురు ఆటో ఎక్కాను. సేనాని దారి పొడుగునా ఒకటే స్వరంతో ఏడ్చింది. పక్కన కూర్చున్న ముసలావిడ జాలిపడింది.

“ఒదిలేయడానికాండీ? కాలవ దాటించెయ్యండి, తిరిగి రాదు.”

“లేదండి. యుద్ధానికి తీసుకెళ్తున్నాను.”

ఆవిడ కొంచెం పక్కకు జరిగి కూర్చుంది.

సాయంత్రం నాలుగింటికి కొట్టులో అందరం సిద్ధమయ్యాం. నిచ్చెన పై మెట్టు మీద బాబాయి, నడిమి మెట్టు మీద నేను, కింద నిచ్చెన పట్టుకుని పిన్ని. నా చేతిలో నోట్‌బుక్ ఉంది. సేనానిని అటక మీదకు వదిలాం. కొబ్బరికాయల మధ్య నిలబడి అది ఒకసారి తుమ్మింది.

పందికొక్కు వచ్చింది. నేను ఊహించుకున్నంత భయంకరంగా లేదు. పింఛను కోసం బ్యాంకుకొచ్చిన పెద్దమనిషిలా, అటూ ఇటూ చూడకుండా, రోజూ వచ్చే దారిన వచ్చింది. సేనాని ఒళ్ళు విల్లులా వంగింది. తోక ఉబ్బింది. పక్కకు ఎగరడం మొదలుపెట్టింది.

“అడ్డనడకండి!” అన్నాను, గుండె పొంగిపోయి.

పందికొక్కు ఆగలేదు.

“ధైర్యం సగానికి పడ్డట్టేనాండీ?” బాబాయి గుసగుసగా అడిగారు.

“పడుతుందండి. కొంచెం టైము పడుతుంది.”

ఇంతలో సేనాని దభీమని వెల్లకిలా పడి పొట్ట చూపించింది. పందికొక్కు దగ్గరకొచ్చింది. పొట్టను వాసన చూసింది. సేనాని కాళ్ళు గాలిలో ఆడిస్తూ ఎదురుచూస్తోంది. ఇంటి దగ్గరైతే ఈపాటికి మచ్చలది మీదకు దూకేది, ఇద్దరూ కలిసి దొర్లేవారు. ఈ శత్రువు దూకడం లేదు, దొర్లడం లేదు. అప్పుడు, ఆ నిచ్చెన మీద, ఇన్నాళ్ళూ నేను రాసిందంతా ఏమిటో నాకు తెలిసింది. అది వ్యూహం కాదు. ఆడుకుందాం రమ్మని పిలవడం. నా మహాసేనాని పుట్టి ఒక్క యుద్ధమూ చేయలేదు.

పందికొక్కు పొట్టను పరీక్షించడం ముగించి, సేనాని పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్ళి, ఒక కాయ ఎంచుకుని, భోజనానికి కూర్చుంది. సేనాని లేచి చెయ్యి నాక్కోవడం మొదలుపెట్టింది.

“ఇదేం శక్తండీ?”

నేను పేజీ తిప్పి చూడాల్సిన పని లేకపోయింది. “ఏమీ జరగనట్టు నాకుటండి. సిగ్గు తగ్గుతుంది.”

“మరి తమరు కూడా ఓసారి నాక్కోండమ్మా,” అన్నారు బాబాయి.

కింద పిన్నికి నవ్వు ఆగక నిచ్చెన కదిలింది. ఆ చప్పుడుకు పందికొక్కు కీచుమంది. కీచుమనగానే లెవెల్ పన్నెండు యోధుడు గాల్లోకి మూరెడు లేచి కాయల గుట్ట మీద పడ్డాడు. గుట్ట కదిలింది. ఒక కాయ దొర్లింది, దాని వెనక పది, వాటి వెనక మిగతావి. మొదటిది బాబాయి మోకాలికి తగిలింది. రెండోది నా చేతిలో నోట్‌బుక్‌ను కిందపడేసింది, ఆ కాయకు సాహిత్యం తెలుసని నా నమ్మకం. మేం ముగ్గురం ఒకరి మీద ఒకరం నేలకు చేరి తలెత్తి చూసేసరికి పిల్లి లేదు. పైకప్పు పెంకుల సందు ఒకటి మాత్రం కనిపించింది.

ఇక నవ్వు లేదు. కాలేజీకి ‘కుటుంబ కారణాలు’ అని సెలవు పెట్టి పిన్ని ఇంట్లోనే ఉండి వెతికాను. ఆదివారమంతా కాలవ గట్టు మీద, తోటల్లో, బడి వెనక తిరుగుతూ, ఇంకా బుద్ధి రాక, “సేనానీ! మహాసేనానీ!” అని అరిచాను. సైకిల్ మీద వెళ్తున్న ఒకాయన ఆగాడు.

“ఎవరండీ సేనాని? మీ వారాండీ?”

“పిల్లండి.”

“ఆయ్,” అని, నా మొహంలోకి ఒకసారి చూసి, ఆయన సైకిల్ వేగం పెంచాడు.

రాత్రి భోజనాల దగ్గర పిన్ని అన్నం వడ్డించి కూర గిన్నె నా వైపు తోసింది. చివరికి అంది: “నిన్నూ దాన్నీ అక్క ఒక్కలాగే పెంచిందే. ఇద్దరికీ గుమ్మం దాటితే ఏవుందో తెలీదు.”

అమ్మ మంచాన పడ్డ రోజుల్లో ఆ నల్లది ఆవిడ కాళ్ళ దగ్గరే పడుకునేది. ఆవిడ పోయాక కూడా చాలా రోజులు ఆ మంచం మీదే పడుకుంది. దాన్ని నేను నవ్వుల కోసం పందికొక్కు మీదకు పంపాను. అన్నం తినలేకపోయాను.

సోమవారం బాబాయి కుంటుకుంటూ వెళ్ళి ఎవరి దగ్గరనుంచో పెద్ద ఇనుప బోను తెచ్చారు. పిన్ని అందులో ఎండుచేప కట్టి అటక మీద పెట్టించింది. పిల్లి సంగతి దేవుడికి వదిలేసి కనీసం పందికొక్కునైనా వదిలించుకుందామని వాళ్ళ ఆలోచన.

మంగళవారం పొద్దున్నే కొట్టులోంచి బాబాయి కేక. “పడిందే! బోను పడిందే!”

ఈసారి ముగ్గురం నిచ్చెన ఎక్కాం. బోను తలుపు మూసుకుని ఉంది. లోపల, ఎండుచేప తలా తోకా మిగల్చకుండా తినేసి, కాళ్ళు ముడుచుకుని, కాళరాత్రి మహాసేనాని నిద్రపోతోంది. బోను పక్కన కొత్తగా తొలిచిన కాయ ఒకటి ఉంది. అంటే శత్రువు రాత్రి వచ్చి, బందీ ఎదుటే తీరుబడిగా భోంచేసి వెళ్ళిందన్నమాట.

నేను ఏడ్చాను. పిన్ని కూడా ఏడ్చింది. బాబాయి బోను తలుపు వంకర పోయిందేమో చూసుకున్నారు.

“పందికొక్కు బోనులో పిల్లి పడగా నేను చూడ్డం ఇదే మొదలండి,” అన్నారు. “సేనాని గారికి లెవెల్ పెరిగినట్టాండీ, తరిగినట్టాండీ?”

పిన్ని కళ్ళు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. “ఇంకెప్పుడూ ఇలాటి పన్లు చెయ్యనని ఒట్టెయ్.”

“బైబిల్ తెస్తాను పిన్నీ.”

“ఈ మాత్రం దానికి బైబిలెందుకే? ఆ బోను మీదే చెయ్యెయ్.”

పిల్లిని చంకనెత్తుకుని, ఎండుచేప వాసన కొట్టే ఇనుప చువ్వల మీద కుడిచెయ్యి పెట్టాను. “మా అమ్మ పిల్లుల సాక్షిగా, పిన్నీ బాబాయిల సమక్షంలో...” అని గొంతు సవరించుకుంటుండగా బాబాయి అడ్డొచ్చారు.

“ఆ చెయ్యి తియ్యండమ్మా. బోను మళ్ళీ పెట్టాలి. అసలువారు ఇంకా పైనే ఉన్నారు.”

అప్పుడు ఆగిపోయిన ప్రమాణాన్ని ఇప్పుడు మీ అందరి ముందు పూర్తి చేస్తున్నాను. ఇకమీదట పిల్లి పిల్లిని కొడితే ‘పిల్లి పిల్లిని కొట్టింది’ అని రాస్తాను. అది పొట్ట చూపిస్తే గోకుతాను. ఓడిపోతే చూడనట్టు పక్కకు తిరుగుతాను.