మహమూద్ పారేసిన ఇన్హేలర్లు

కోరుట్లలో మహమూద్ కుట్టిన పరుపు లేని వీధి ఉండదు. ముప్పై ఏళ్లుగా పాత దూదిని మిషన్‌లో ఏకడం, కొత్త గుడ్డలో నింపి కుట్టడం, ఇదే ఆయన పని. ఆ దూది ధూళి ఆయన ఊపిరిని వదల్లేదు. నలభై అయిదో ఏట ఉబ్బసం వచ్చింది. అప్పటి నుంచి జేబులో నీలిరంగు ఇన్హేలర్ లేకుండా గడప దాటలేదు.

కూతురు లుబ్నా జగిత్యాలలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. అయిపోయిన ఇన్హేలర్లను తండ్రి చెత్తలో వేయడం చూసి ఒకసారి గట్టిగానే చెప్పింది.

"అబ్బా, మందు అయిపోయినా లోపల గ్యాస్ మిగులుతది. మంటల పడితే పేలుతది. గాలికి గూడ మంచిది కాదది. ఒక సంచిల జమ చెయ్యి, నేను అచ్చినప్పుడు తీస్కపోత. మా దవాఖాన చెత్త బండోళ్లకు వేరుగ ఇస్తం."

"సరే బిడ్డా" అన్నాడు. దుకాణంలో మేకుకు ఒక సంచీ తగిలించాడు కూడా. ఏడాదిపాటు అందులోనే వేశాడు. లుబ్నా వచ్చిన ప్రతిసారీ ఇవ్వడం మరిచిపోయాడు.

నిరుడు డిసెంబరులో దుకాణానికి సున్నం వేయిద్దామని సామాన్లు సర్దుతుంటే ఆ సంచీ అడ్డం వచ్చింది. లుబ్నా వచ్చేదాకా ఎవరు దాస్తారులే అనుకున్నాడు. దూది తుక్కుతో కలిపి మూలమీది చెత్తకుప్పలో పడేశాడు.

మరునాడు పొద్దున్నే బాగా చలి. వీధులు ఊడ్చే ఊర్మిల చేతులు కాచుకుందామని ఆ కుప్పకు నిప్పు పెట్టింది. మహమూద్ షట్టర్ ఎత్తుతుండగా పటాకి పేలినట్టు చప్పుడైంది. ఊర్మిల ముఖం పట్టుకుని కూలబడింది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది.

జనం మూగారు.

"ఎవడో సెంటు డబ్బా పడేసినట్టున్నడు" అన్నాడు టీకొట్టు శ్రీశైలం.

మహమూద్‌కు నిన్న పడేసిన సంచీ గుర్తొచ్చింది. ఆటో పిలిచి, ఆమెను తనే దవాఖానకు తీసుకుపోయాడు. దారంతా తన ఇన్హేలర్ల మాట నోటిదాకా వచ్చి ఆగిపోతూనే ఉంది. ఆమె ఎడమ కన్ను పోయిందని సాయంత్రానికి డాక్టర్లు తేల్చారు.

పేలింది తన ఇన్హేలరేనని భార్య జైనాబీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. రెండు నెలలు ఆయన కుమిలిపోవడం చూసి ఆమే విసిగిపోయింది.

"నా ముందల ఏడిస్తే ఏమొస్తది? పొయ్యి ఆమెకు చెప్పు."

వెళ్లాడు. ఊర్మిల వాకిట్లో చేట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతోంది. గింజలు సరిగా కనబడక చేటను మాటిమాటికీ ముఖం దగ్గరికి తెచ్చుకుంటోంది.

"చెల్లె, గా పొద్దు పేలింది సెంటు డబ్బా కాదు. నా ఇన్హేలర్. నా బిడ్డ వద్దన్నా నేనే కుప్పల పడేసిన."

ఊర్మిల చేట కింద పెట్టింది.

"నాకు ఎరుకే భాయ్. నీలం ప్లాస్టిక్ తునక నా ఒళ్లెనే పడ్డది. రోజూ నీ నోట్ల చూస్తలేనా?"

"మరి ఎవ్వలకు చెప్పలేదేంది?"

"నువ్వే చెప్తవని చూసిన. ఆటోల చెప్తవనుకున్న. దవాఖానల చెప్తవనుకున్న. నిప్పు పెట్టింది నేను, నీ ఒక్కనిదే తప్పంటనా? అప్పుడే చెప్తే నాకింత బాధ లేకుండె."

క్షమించమని అడుగుదామని వచ్చినవాడు, అడగకుండానే లేచి వచ్చేశాడు.

ఆ వారమే తెలిసిన మందుల దుకాణంలో ఒక అట్టపెట్టె పెట్టించాడు. వాడేసిన ఇన్హేలర్లు అందులో వేయమని వచ్చినవాళ్లందరికీ చెప్పించాడు. నెలకోసారి వాటిని బస్సులో జగిత్యాల తీసుకుపోయి లుబ్నాకు ఇస్తాడు. నేను ముందే చెప్పాను కదా అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండునని ఆయనకు అనిపిస్తుంది.

ఊర్మిలను ఊడ్చే పని నుంచి తప్పించి, పార్కులో మొక్కలకు నీళ్లు పట్టే పనిలో వేశారు. మహమూద్ బస్టాండుకు ఆ దారినే పోతాడు. ఆమె "బాగున్నవా భాయ్" అని పలకరిస్తుంది. ఎడమ వైపు నుంచి రావలసి వస్తే మాత్రం, ఆమె ఉలిక్కిపడకుండా ఆయన కాస్త దూరంలోనే ఆగి, పేరు పెట్టి పిలుస్తాడు.