అందితే జుట్టు

మా వీధి చివర, మందుల దుకాణానికీ గడియారాలు బాగుచేసే కొట్టుకీ మధ్య, "నాటకాల సామగ్రి అద్దెకు ఇవ్వబడును" అని ఒక బోర్డు ఉంటుంది. ఆ బోర్డు చూసి కిరీటం కోసమో కత్తి కోసమో లోపలికి వెళ్ళినవాడు నాకు తెలిసి లేడు. వెళ్ళేవాళ్ళందరికీ కావలసింది జుట్టు. బోర్డు అబద్ధమని వీధిలో అందరికీ తెలుసు. అయినా మార్చమని ఎవరూ అనలేదు. బయటికి వస్తూ ఎవరికైనా ఎదురుపడితే "చిన్న నాటకం వేస్తున్నామండీ" అనడానికి పనికొస్తుంది కదా. ఆ మాటలన్నీ నిజమైతే ఈపాటికి మా ఊళ్ళో ఇంటికో నాటకం ఆడుతుండాలి.

ఆ కొట్టాయన్ని అందరూ సవరాలాయన అంటారు. లోపల అలమారు నిండా చెక్క తలలు. ఒక్కో తల మీద సన్నటి వల, ఆ వలలోకి కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకా ముడివేస్తూ ఆయన. పూటంతా కూర్చుంటే అరచేతి మేర అవుతుంది. కూర్చునే కుర్చీ తెర వెనక ఉంటుంది. పని పూర్తయ్యేదాకా అద్దం గోడవైపు తిరిగి ఉంటుంది. వెళ్ళడానికి సందులోకి వెనక తలుపు ఉంది. నేను ఆ తలుపు గురించి ఇంత వివరంగా ఎలా చెబుతున్నానన్నది ఈ కథకి అనవసరం.

ఆయన వృత్తికి ఒకటే నియమం. కొట్టులో చూసింది కొట్టులోనే ఉండాలి. వీధిలో ఎదురైతే తన మనిషిని గుర్తుపట్టడు. ఒకసారి కడుపునొప్పితో ఆసుపత్రికి వెళ్తే డాక్టరు ఈయన దగ్గర జుట్టు చేయించుకున్నవాడే అయ్యాడు. పక్కన నర్సు ఉంది. డాక్టరు గొంతు సవరించుకుని, "మిమ్మల్ని ఎక్కడో చూసినట్టుందే" అన్నాడు, నర్సు వినాలని. "లేదండీ, నేనీ ఊరికి కొత్త" అన్నాడు సవరాలాయన, పుట్టి పెరిగిన ఊళ్ళో బల్ల మీద పడుకుని. పక్కన నిలబడ్డ ఆయన భార్య తల కొట్టుకుంది.

ఫోనులో కూడా అంతే జాగ్రత్త. పేర్లు రాస్తే ఎవరైనా చూస్తారని తలలు రాసుకున్నాడు. "పక్క పాపిడి." "ముందు మొత్తం వెనక కొంచెం." "గాలికి లేచేది." "నా ఫోను దొంగెత్తుకుపోయినా వాడికి తలలు దొరుకుతాయి గానీ మనుషులు దొరకరు" అని నవ్వేవాడు. వచ్చేవాళ్ళు ఆయన్ని మించిన జాగ్రత్తపరులు. చాలామంది ఇంకెవరికీ ఇవ్వని రెండో నంబరు ఒకటి తెచ్చుకుని, అది ఈయనకి మాత్రమే ఇచ్చేవారు. గుట్టు మీద గుట్టు, దాని మీద తువ్వాలు.

ఆ జాగ్రత్తే కొంప ముంచింది.

సవరాలాయన బావమరిదికి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. ఫ్రీ అన్న మాట వింటే చాలు, వంద గజాల దూరంలో ఉన్నా చెవులు నిక్కబొడుచుకునే మనిషి. అప్పు ఇస్తామంటూ రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసి విసిగిస్తున్నారని సవరాలాయన వాపోతే, ఫోను లాక్కుని "ఎవరండీ" అనే యాప్ వేశాడు.

"బావా, ఇదుంటే ఫోను మోగీ మోగకముందే అవతల ఎవరో చెప్పేస్తుంది. ఫ్రీ."

"దానికెలా తెలుస్తుందిరా?"

"పెద్ద కంపెనీ బావా. దానికి తెలియందంటూ ఉంటుందా?"

తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. మీ కాంటాక్టులు చూడటానికి దయచేసి అనుమతిస్తారా అని. పక్కన చేతులు జోడించిన బొమ్మ.

"చూస్తానంటోంది" అన్నాడు సవరాలాయన.

"చూడనీ. చూస్తే అరిగిపోతాయా?"

ఆయన దృష్టిలో చూడటం అంటే చూడటమే. బతుకంతా ఇతరుల తలలు చూసినవాడు, చూసింది కళ్ళ దగ్గరే ఆపేసినవాడు. ఆ కంపెనీ నిఘంటువులో అర్థం వేరు. అక్కడ చూడటమంటే మూట గట్టి, బండికెత్తి, తమ ఇంటికి తోలుకుపోయి, దారిన పోయేవాళ్ళందరికీ విప్పి చూపించడం. మామూలు దొంగ "మీ సామాను చూడొచ్చా" అని అడగడు, అంత సిగ్గైనా ఉంటుంది వాడికి. అడిగి, నమస్కారం పెట్టి, థాంక్యూ చెప్పి ఎత్తుకుపోవడం పెద్ద కంపెనీలకే చెల్లింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అని మన పెద్దలు ఊరికే అనలేదు. అనుమతి నొక్కేదాకా కాళ్ళు. నొక్కాక జుట్టు.

దాని విద్య ఏమిటంటే, ఏ నంబరుని ఎవరు ఏమని రాసుకున్నారో అందరి ఫోన్లలోంచీ ఏరుకుని, ఆ పేరే లోకానికి చూపిస్తుంది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం అంటారే, ఇది అంతకు మించింది. పక్కవాడు ఆవులిస్తే మన పేగులు లెక్కపెడుతుంది. ఇక గుట్టు నంబర్ల సంగతి చెప్పేదేముంది. అవి సవరాలాయన ఒక్కడి దగ్గరే ఉన్నాయి. ఆయన పెట్టిన పేరుతోనే వాటికి బారసాల అయిపోయింది.

మొదటి దెబ్బ డ్రిల్లు మాస్టారికి తగిలింది. అసలు ఫోను ఛార్జింగులో ఉందని గుట్టు నంబరు నుంచి హెడ్మాస్టరుకి ఫోన్ చేశాడు. హెడ్మాస్టరు ఫోనులోనూ అదే యాప్ ఉంది, తెర మీద "గాలికి లేచేది" అని పడింది. ఆయన అది గాలిపటాల కొట్టు అనుకుని, మాకు అక్కర్లేదు అని పెట్టేశాడు. మళ్ళీ చేశాడు, మళ్ళీ పెట్టేశాడు. మూడోసారి గొంతు గుర్తుపట్టాడు. అప్పటి నుంచి బడి మైదానంలో గాలి వీచినప్పుడల్లా టీచర్లందరూ ఒకే దిక్కు చూస్తున్నారని మాస్టారు వచ్చి మొత్తుకున్నాడు. సవరాలాయనకి తలా తోకా అర్థం కాలేదు.

అర్థమయ్యేలా చెప్పింది, ఆ తర్వాత వచ్చిన అమ్మాయి.

ఆ అమ్మాయి నీళ్ళ గొట్టాల పటాలు గీసే ఇంజనీరు. పెద్ద జబ్బు చేసి నయమైంది. కానీ మందులకి జుట్టంతా పోయింది. పాత ఆఫీసులో జాలి చూపులు భరించలేక ఉద్యోగం మారింది, నంబరు మార్చింది, కొత్త ఆఫీసులో చేరే ముందు తలకి గుడ్డ కట్టుకుని ఈ కొట్టుకి వచ్చింది. "అంకుల్, అక్కడ ఎవరికీ తెలియకూడదు. పని ఆలస్యమైతే అందరితో పాటు నన్నూ తిట్టాలి. అంతే నాకు కావలసింది" అంది. ఎవరికీ చెప్పనని ఆయన మాటిచ్చాడు. కొత్త నంబరు అందరికంటే ముందు ఇచ్చింది ఆయనకే. ఆయన రాసుకున్నాడు: "మందుల జుట్టు భుజం దాకా."

ఇప్పుడు వెనక తలుపులోంచి వచ్చి, కూర్చోకుండా నిలబడింది.

"నా పేరు ఎవరికీ చెప్పనన్నారు."

"చెప్పలేదమ్మా. ఒట్టు."

"అవును, పేరు చెప్పలేదు. జబ్బు చెప్పారు."

ఆఫీసులో పైఅధికారి ఒకావిడ ఉంది. అందరూ ఆఫీసరమ్మ అంటారు. అమ్మాయి ఆవిడకి ఫోన్ చేస్తే తెర మీద పేరు స్థానంలో ఆ ముక్క పడింది.

"ఏమన్నారావిడ?" సవరాలాయన చేతిలో సూది ఆగిపోయింది.

"మందుల జుట్టంటే ఏంటమ్మాయ్, జుట్టు పెరిగే మందు అమ్ముతావా అన్నారు. ఏం చెప్పను? అవునన్నాను. ఇప్పుడు ఆఫీసంతా నా చుట్టూ తిరుగుతోంది, ఒక సీసా ఇమ్మని. జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుందని ఆవిడే సామెత కూడా చెప్పారు, నా తల నిమిరి."

"నిమిరిందా?"

"నిమిరారు. మీ ముడులు గట్టివి కాబట్టి బతికిపోయాను." అప్పుడు కూర్చుంది. "మందు ఎక్కడ దొరుకుతుందని ప్రాణం తీస్తుంటే మీ కొట్టు చెప్పేశాను. మీరు నన్ను ఇరికించారు, నేను మిమ్మల్ని ఇరికించాను. ఆవిడ ఏ రోజైనా వస్తారు. నా సంగతి ఆవిడకి తెలిసిందంటే ఇక అక్కడా జాలే. ఇంకో ఆఫీసు వెతుక్కునే ఓపిక నాకు లేదంకుల్."

ఆమె వెళ్ళగానే సవరాలాయన కొట్టుకి తాళం వేసి బావమరిది దగ్గరికి పరిగెత్తాడు. తోడు కోసం నన్నూ లాక్కెళ్ళాడు. అక్కడ బావమరిది కూతురు కూడా ఉంది. ఆ పిల్ల దేశదేశాల వాళ్ళతో కలిసి సాఫ్ట్‌వేర్ రాసి, దాని రాతంతా బయటపెట్టి, ఎవరైనా వాడుకోండని ఊరికే ఇచ్చేస్తుంది. తండ్రికి ఆ సంగతి చెప్పుకోవడం నామోషీ.

"తీసేస్తే పోయే, దానికింత గోలేంటి బావా" అని బావమరిది యాప్ తీసేశాడు. ఆ పక్కనే ఇంకో ఫోనులో ఆ అమ్మాయి నంబరు నొక్కి చూస్తే పేరు అలాగే ఉంది. "మందుల జుట్టు భుజం దాకా."

"మన ఫోనులోంచి పోయింది నాన్నా, వాళ్ళ గోదాములోంచి పోలేదు. జుట్టు వాళ్ళ చేతికిచ్చి చేయి కడుక్కుంటే ఏం లాభం?" అంది కూతురు.

"అంత పెద్ద కంపెనీ ఊరికే ఇస్తోందిగా, ఆ మాత్రం తీసుకోదా?"

"నేనూ ఊరికే ఇస్తున్నాను. నేనేం తీసుకున్నాను?"

"అదేగా నా ఏడుపు" అన్నాడు తండ్రి.

పేరు తీసెయ్యమని కంపెనీకి రాద్దామన్నారు. రాశారు. "మీ గోప్యత మాకు ప్రాణంతో సమానం" అని కళ్ళు మూసి తెరిచేలోగా జవాబొచ్చింది. అంత తొందరగా ప్రాణమిచ్చేవాళ్ళని నేను చూడలేదు. కింద అసలు సంగతి. ఆ నంబరు గలవారు తామెవరో రుజువు చేసే కార్డూ, తాజా ఫొటో ఒకటీ పంపాలట. ఫొటోలో తల స్పష్టంగా కనబడాలట. టోపీ, గుడ్డ, కృత్రిమమైనవేవీ ఉండరాదట. అంటే నన్ను మరచిపోండి బాబూ అని అడగాలంటే ముందు బోడితలతో వాళ్ళ ముందు నిలబడి నా పేరిదీ అని చెప్పుకోవాలి. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం మన సామెతల్లోనే ఉందనుకున్నాను, దాన్ని ఫారంగా అచ్చువేసిన మహానుభావులు కూడా ఉన్నారు.

సవరాలాయన ఫోను కింద పెట్టాడు. "ఆ పిల్ల ఈ ఫొటో పంపదు. నేను పంపమని అడగను."

మేనకోడలు ఆయన ఫోను తీసుకుని తిరగేసింది. "మావయ్యా, మీ దగ్గరికొచ్చిన వాళ్ళకి మీరు మొదట ఏం చెబుతారు? విగ్గు కొనేటప్పుడు?"

"తిరగేసి చూడమంటాను. లోపలి ముడులు చూపించనివాడు జిగురుతో అంటించినట్టు లెక్క."

"నేను రాసేదీ అంతే. ఎవరైనా తిరగేసి చూసుకోవచ్చు. ఆ కంపెనీని లోపల చూపించమనండి, చూపిస్తుందేమో."

ఆయన ఆ ఫోను అందుకుని తనూ తిరగేసి చూశాడు. "చిత్రంగా ఉందే. లోపలంతా తెరిచిపెట్టినవాళ్ళేమో నోరు మూసుకుంటారు. లోపల తాళం వేసుకున్నవాడు ఊరంతా వాగుతాడు."

ఆ పిల్ల ఆయన ఫోనులో పాత యాప్‌లన్నీ ఊడ్చేసి, ఎవరి జోలికీ పోని సాఫ్ట్‌వేర్ వేసి ఇచ్చింది. నంబర్లన్నీ ఆయన తనే తుడిచేశాడు. అంతకుముందే ఒక్కొక్కరికీ పబ్లిక్ ఫోను నుంచి చేసి, "మీ జుట్టు బయటికి పోయిందండీ, తప్పు నాది, ఆ నంబరు పారేయండి" అని చెప్పుకున్నాడు. కొందరు తిట్టారు. కొందరు మళ్ళీ రాలేదు. మొదటి రోజు నుంచీ పొగిడిన కంపెనీ తరఫున ఆ బావమరిదిగారు మాత్రం ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. ఫ్రీ కదా.

అమ్మాయి నంబరు మార్చుకుంది. కానీ ఆఫీసరమ్మ మందు సంగతి మరిచిపోలేదు.

ఒక మధ్యాహ్నం ముందు తలుపులోంచే వచ్చింది. అప్పుడు నేను తెర వెనక ఉన్నాను. ఎందుకని అడక్కండి.

"జుట్టు మందు కావాలి."

"మందులు పక్క కొట్టులోనండీ."

"మా ఆఫీసులో అమ్మాయి ఇక్కడే అంది."

"ఏ అమ్మాయండీ?"

"పటాలు గీస్తుంది. భుజాల దాకా జుట్టు."

"చాలామందికి ఉంటుందండీ."

సరిగ్గా ఆ సమయానికి, మరమ్మతు కోసం ఆ అమ్మాయి ఇచ్చిన రెండో విగ్గు చెక్క తల మీద ఆరుతోంది. భుజాల దాకా. ఆఫీసరమ్మ చూపు దాని మీద పడింది. సవరాలాయన చేయి తువ్వాలు మీదికి వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చింది. కప్పితే చెప్పినట్టే.

"అది?" అంది ఆవిడ.

"నాటకానికండీ."

"ఏ నాటకం?"

"ఇంకా పేరు పెట్టలేదండీ."

ముందు వైపున్న కుర్చీ లాక్కుని ఆవిడ కూర్చున్న చప్పుడైంది. నేను తెర సందులోంచి చూడలేదని చెబితే నమ్మరు కాబట్టి చెప్పను. కొప్పు విప్పింది. బిగించి, పిన్నులు గుచ్చి, లోపల గుడ్డ ముద్ద పెట్టి కట్టిన కొప్పు. తీరా విప్పితే ఎలుక తోకంత.

"చూడండి" అంది.

"చూశానండీ" అన్నాడు సవరాలాయన. ఆ మాటకి ఆయన కొట్టులో ఉన్న అర్థం వేరని ముందే చెప్పాను.

"నాకూ ఏదైనా నాటకం కుదురుతుందా?"

"కుదురుతుంది. కొలతలకి ఈసారి వెనక తలుపులోంచి రండి."

"నా నంబరు రాసుకోండి మరి."

"రాసుకోనండీ."

"మరి నేనెవరో గుర్తెలా ఉంటుంది?"

"తల చూస్తే గుర్తొస్తుంది. వీధిలోకి వెళ్తే పోతుంది."

ఆవిడ పిన్నులు ఒక్కొక్కటే పెట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, ఆ చెక్క తల వైపు చూడకుండా అంది: "రేపు ఆ పిల్ల పటాలు ఇవ్వాలి. పోయిన వారం నుంచి సాగదీస్తోంది. రేపు గట్టిగా తిడతాను."

సవరాలాయన సూదిలోకి వెంట్రుక ఎక్కించుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"ఏ పిల్లనండీ?" అన్నాడు.