దారి ఇచ్చినందుకు నల్లజెండా

రేసు బైకు నడిపేదానికి అద్దెకు తెచ్చుకున్న తోలు సూటు వేసుకుంటే పులిలా ఉంటాననుకున్నాను. మా నగర్తపేట అంగట్లో తాడేసి బిగించిన బట్టల మూటలా ఉన్నాను. ఎనిమిదో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి కదా, రేస్ ట్రాక్ మీద పొద్దున చెప్పిన పాఠం కూడా సగమే విన్నాను.

ముందుగా బండి అద్దాలు విప్పించారు. మరి వెనక వచ్చేవాణ్ణి చూసేదెలా? చెవులున్నాయిలే అనుకున్నాను. వెనక ఇంజన్ రొద వినబడినప్పుడల్లా, మన బెంగళూరు రోడ్డు మీద చేసినట్టే ఎడమకు జరిగి, పొమ్మని చెయ్యి ఊపాను. ఒక్కరూ సంతోషించినట్టు లేదు. ఒకాయనైతే నా పక్కనే బ్రేకు కొట్టి, పడబోయి నిలదొక్కుకున్నాడు. ఆయనకేమైందో నాకు అర్థం కాలేదు. అంతలో నాకే నల్లజెండా చూపించి బయటికి పిలిచారు.

నేర్పించే ఆయన మండిపడుతున్నాడు. "వెనకోడి సంగతి వెనకోడే చూసుకుంటాడప్పా. నువ్వు నీ దోవన నేరుగా పోవల్ల. వాడు దాటేదానికి చూసిన సందులోకే నువ్వు దూరితే ఎట్ల?"

"మర్యాదగా దారి ఇస్తి కదన్నా, అది తప్పా?"

ఏడాదిగా ఎదురుచూసిన రోజు. మధ్యాహ్నం మళ్లీ బండి ఎక్కనిస్తావా అన్నా అని అడిగాను.

"పడబోయింది ఆయప్ప. ఆయప్పనే అడుగు," అన్నాడు.

నా వెనకే బయటికొచ్చిన ఆయప్ప హెల్మెట్ తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "ఎక్కనీ సార్, పాపం. నాకు మాత్రం మర్యాద చెయ్యొద్దని చెప్పు. ఇంట్లో పెండ్లాం ఉండాది."