తీపి లేని జావ

తాడేపల్లిగూడెంలో జాకెట్లు కుట్టే కమరున్నీసా, తనకు షుగరుందని తెలిసిన రోజే పంచదార డబ్బా ఎత్తి అటక మీద పెట్టేసింది. మనిషి మొండిది. వద్దనుకుంటే ఇక వద్దే. రంజాన్ పండక్కి షీర్ ఖుర్మా కాచి వీధంతా పంచి, గరిటె కూడా నాకకుండా కడిగేసిన మనిషి. "నాలిక మన మాట వినాలి గానీ దాని మాట మనం వింటామా అండీ?" అని నవ్వేది.

ఇంత చేసినా షుగరు దిగదే! పైగా కుడికంట్లో శుక్లం ముదిరిపోయింది. సూదిలో దారం ఎక్కించాలంటే పక్కింటివాళ్ళను పిలవాల్సి వచ్చేది. హుక్కులు వంకరగా పడుతున్నాయని బేరాలు ఒక్కొక్కటే వేరే టైలర్ల దగ్గరికి పోతున్నాయి. కన్ను బాగుపడితేనే కుట్టు, కుట్టుంటేనే కూడు. ఏలూరు కంటాసుపత్రిలో ఆపరేషన్ చేస్తామన్నారు, షుగరు దిగితేనే. రెండువేల ఐదులో ఓసారి వెళ్తే వెనక్కి పంపేశారు.

అప్పుడు ఆదుకుంది కిరాణా కొట్టు కనకరత్నం. ఆవిడకీ షుగరే. సొంతంగా మరపట్టించి "షుగరు వాళ్ళ జావ పిండి" అని కవర్లలో అమ్మేది.

"పంచదార పలుకు కూడా ఉండదు కమరూ! బియ్యం, సగ్గుబియ్యం, మొక్కజొన్న, కాసిని రాగులు. అన్నం మానేసి ఇది తాగు. నేనూ మూడు పూటలా అదేగా తాగుతుంటా!" అంది.

కనకరత్నం మాటంటే కమరున్నీసాకు అంత గురి. అన్నం మానేసింది. పూటకో చెంబుడు జావ. తను తాగడమే కాదు, కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పింది. కొందర్ని చెయ్యి పట్టుకుని మరీ ఆ కొట్టుకి తీసుకెళ్ళింది.

ఏడాది గడిచాక మళ్ళీ ఏలూరు వెళ్ళింది. డాక్టరమ్మ రిపోర్టు చూసి మొహం చిట్లించింది.

"ఇంకా పెరిగిందేంటమ్మా? ఏం తింటున్నారు?"

"తీపి ముట్టనండి. అన్నం కూడా మానేశానండి. మూడు పూటలా షుగరు జావేనండి," అని కమరున్నీసా అందులో ఏమేం పడతాయో గర్వంగా చెప్పింది.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "నాలిక్కి తియ్యగా ఉంటేనే చక్కెర కాదమ్మా. బియ్యం, సగ్గుబియ్యం, మొక్కజొన్న, అన్నీ కడుపులో పడ్డాక చక్కెరే అవుతాయి. మెత్తగా పిండి కొట్టి జావ కాస్తే ఇంకా తొందరగా నెత్తుర్లో కలుస్తుంది. అన్నం మానేశాననుకుని అన్నమే తాగుతున్నారు మీరు. గుప్పెడన్నం తినండి, పప్పూ కూరా ఎక్కువ పెట్టుకోండి. ఆపరేషన్ సంగతి ఇప్పుడు కాదు."

రైలు దిగాక కూడా ఆ పిచ్చిమనిషికి కనకరత్నం మీద కోపమే రాలేదు, చూడండి! 'అయ్యో, అక్కగారు కూడా అదే తాగుతోందే, ఆవిడ కళ్ళేం కాను' అని కంగారు. ఇంటికైనా వెళ్ళకుండా తిన్నగా కొట్టు వెనక వాకిట్లోకి వెళ్ళింది. కనకరత్నం కోడలు వాసవి గోరుచిక్కుళ్ళు తుంచుతోంది.

"అమ్మా వాసవీ, మీ అత్తగార్ని జావ మానెయ్యమని చెప్పు. మంచిది కాదంట!"

"అత్తయ్యగారు జావ తాగరు కదా పిన్నిగారూ! నిరుడే మానేశారు. తాగితే షుగరు పెరుగుతోందని డాక్టరుగారు వద్దన్నారండి," అంది వాసవి, ఏమీ ఎరగనట్టు కాదు, నిజంగానే ఏమీ ఎరక్క.

మొన్నటికి మొన్న కవరు చేతిలో పెడుతూ కూడా "నేనూ ఇదే" అన్న మనిషి! అక్కగారూ అక్కగారూ అని నెత్తిన పెట్టుకుందే, ఎంత మోసం!

ముందువైపు కొట్లోకి నడిచింది. ఎవరో కొత్తావిడ జావ పిండి కవరు పట్టుకుని నిలబడి ఉంది.

"అక్కగారూ, మీరు మానేసి నాచేత తాగించారా? నా కన్ను పోతోందండీ! ఇవాళ కూడా ఆపరేషన్ చెయ్యనన్నారు," అంది కమరున్నీసా.

కొత్తావిడ కవరు బల్ల మీద పెట్టబోయింది. అది చూసింది కనకరత్నం. కొత్తావిడ వైపు తిరిగి, మెత్తగా అంది.

"పిండి తప్పేం లేదండీ. ఈవిడే చాటుమాటుగా స్వీట్లు లాగిస్తుంది. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయిందనుకోండి."

కొత్తావిడ కమరున్నీసాను ఎగాదిగా చూసింది. "నోరు కట్టుకోవాలి కదండీ మరి," అని కవరు సంచిలో వేసుకుంది.

ఆసుపత్రిలో రాని ఏడుపు కమరున్నీసాకు అప్పుడొచ్చింది.