వాన గురించే మాట్లాడుకున్నాం

అమెరికాలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసేవాళ్ళు అడగకూడని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. పెళ్ళయిందా, పిల్లలున్నారా, వయసెంత, ఏ దేశం, ఏ మతం. ఇవన్నీ తీసేస్తే మన తెలుగువాళ్ళు కొత్త మనిషితో మాట్లాడుకోవడానికి మిగిలేది వాతావరణమే. ఈ సంగతి నాకు ఒక కారు ప్రయాణంలో తెలిసొచ్చింది. అప్పటినుంచీ మనసుకు స్థిమితం లేదు.

అప్పట్లో మేము తూర్పు తీరాన ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. దగ్గర్లోని ఒక కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. ఏడాది కాంట్రాక్టు. ప్రతి ఏప్రిల్లోనూ, వచ్చే ఏడు ఉంటానో ఊడతానో తెలియక గోళ్ళు కొరుక్కుంటూ కూర్చునేదాన్ని. పర్మనెంట్ వాళ్ళు చెప్పే పాఠాలే నేనూ చెప్పేదాన్ని, వాళ్ళు వద్దనుకున్న ఉదయం ఎనిమిది గంటల క్లాసులు కూడా నాకే. వాళ్ళ పేర్లు తలుపుల మీద చెక్కి ఉండేవి. నా పేరు కాగితం మీద అచ్చేసి టేపుతో అంటించారు. ఆ టేపు చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది.

అలాంటి సమయంలో, ఎన్నో ఏళ్ళు ఎదురుచూశాక, నేను తల్లిని కాబోతున్నానని తెలిసింది. మా కాంట్రాక్టు వాళ్ళకి జీతంతో సెలవు లేదు. సెలవు పెడితే ఆ సెమిస్టర్‌కి ఇంకొకరిని పెట్టుకుంటారు. ఆ ఇంకొకరు అక్కడే పాతుకుపోతారు. నా ముందున్నావిడ సెలవు పెట్టబట్టే నేను వచ్చాను కాబట్టి ఈ వరస నాకు బాగా తెలుసు. అందుకే సియాటిల్ వైపు ఒక కాలేజీ నుంచి, పర్మనెంట్ అయ్యే దారి ఉన్న ఉద్యోగానికి పిలుపొస్తే, అది దక్కాల్సిందే అని పట్టుబట్టి కూర్చున్నాను. అప్పటికి నాకు ఐదో నెల.

"వాళ్ళు అడగరు, నువ్వు చెప్పకు. సింపుల్," అన్నారు మావారు. ఆయనదేం పోయింది, కడుపు ఆయనది కాదు. నేను రెండు సైజులు పెద్ద కోటు కొనుక్కుని ఫ్లైట్ ఎక్కాను.

ఎయిర్‌పోర్టుకి కమిటీలో ఒకాయన వచ్చి తీసుకెళ్తారని చెప్పారు. వచ్చినాయన తెలుగాయనని మాత్రం చెప్పలేదు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, ఎప్పుడో యాభై ఏళ్ళనాడు వచ్చి, ఇంకా పాఠాలు చెబుతూనే ఉన్నారు. ఇక్కడ ప్రొఫెసర్లకి రిటైర్మెంట్ వయసంటూ ఒకటి లేదు. ఎప్పుడు దిగుతారా అని వెనకాల కుర్రవాళ్ళు చూస్తూ ఉంటారు, వీళ్ళు దిగరు. ఆయన నన్ను చూడగానే, "నువ్వేనా అమ్మా?" అన్నారు. వాన పడుతోంది. కారెక్కాం.

"ఏ ఊరమ్మా మీది?"

"ఖమ్మం, సార్."

"సారేమిటి! మా ఊరు బాతెల్‌లో తెలుగు పిల్లలంతా నన్ను అంకుల్ అనే అంటారు. నువ్వూ అలాగే అను."

అంకుల్ అన్నానో లేదో, నా పని అయిపోయింది. సార్ అడిగితే జవాబు దాటెయ్యొచ్చు. అంకుల్ అడిగితే దాటెయ్యడానికి నోరు రాదు.

"మీవారేం చేస్తారు?"

"సాఫ్ట్‌వేర్, అంకుల్. రిమోట్‌గా వర్క్ చేస్తారు."

"అయితే ఈజీగా మూవ్ అవ్వొచ్చు. పిల్లలా?"

లేరు అంటే సరిపోయేది. అబద్ధం కూడా కాదు. కానీ పెద్దాయన ఆ మాట అడిగిన తీరు మా మేనత్త వాకిట్లో నిలబడి అడిగినట్టే ఉంది. "ఐదో నెల, అంకుల్," అన్నాను.

ఆయన చటుక్కున స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి నుదురు కొట్టుకున్నారు. "అయ్యో, ఎంత పని చేశాను! అడక్కూడదు కదమ్మా. మొన్ననే ట్రైనింగ్ కూడా ఇచ్చి చచ్చారు. తెలుగులో మాట్లాడుతుంటే ఇది ఇంటర్వ్యూ అన్న సంగతే మర్చిపోయాను." మళ్ళీ తనే, "నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. సరేనా?" అన్నారు. ఆ తర్వాత హోటల్ దాకా రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. దిగేటప్పుడు మాత్రం నా సూట్‌కేసు నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున కమిటీ ముందు కూర్చున్నాను. ఆయన నన్ను ఎన్నడూ చూడనట్టే ఉన్నారు. కాగితంలో ఉన్న ప్రశ్నలు ఉన్నట్టు ఇంగ్లీషులో చదివారు, అక్షరం అటూ ఇటూ పోలేదు. నేను జవాబులు చెబుతూ ఆయన మొహం చూస్తున్నాను, చెప్పేశారా, చెబుతారా అని. మధ్యాహ్నం నేను పాఠం చెప్పి చూపించాలి. అప్పుడు అందరూ వచ్చారు, ఆయన కుర్చీ ఖాళీ. ఆ గంటసేపూ నా కళ్ళు తలుపు మీదే. పాఠం ఎలా చెప్పానో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంటికొచ్చాక కాలుగాలిన పిల్లిలా అపార్ట్‌మెంట్‌లో అటూ ఇటూ తిరుగుతుంటే ఫోనొచ్చింది. ఆ కాలేజీ హెచ్‌ఆర్, అంటే ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఆఫీసు. ఒకావిడ చాలా మర్యాదగా అడిగింది: ఇంటర్వ్యూలో గానీ, భోజనాల దగ్గర గానీ, కారులో గానీ, మీ కుటుంబం గురించి ఎవరైనా ఏమైనా అడిగారా?

కారులో గానీ అనేసరికి, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చెయ్యి కడుపు మీదికి పోయింది. పెద్దాయన మీద ఎవరో ఫిర్యాదు చేశారనుకున్నాను. నా సూట్‌కేసు మోసిన మనిషి. అవునంటే ఆయన పరువు పోతుంది, కడుపు సంగతి కూడా బయటపడుతుంది.

"లేదండీ, ఎవరూ ఏమీ అడగలేదు," అన్నాను.

మరి కారులో అంతసేపు దేని గురించి మాట్లాడుకున్నారని అడిగింది.

"వాన గురించి."

అవతల కీబోర్డు టకటకలు వినిపించాయి. తర్వాత థాంక్స్ చెప్పి పెట్టేసింది. పెద్దాయన్ని కాపాడానని నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది, చెప్పొద్దూ.

ఉద్యోగం వచ్చింది. సంతకాలయ్యాక కడుపు సంగతి చెప్పాను, కంగ్రాచ్యులేషన్స్ అన్నారు. జూన్‌లో పాప పుట్టింది. సెప్టెంబర్ నాటికి బాతెల్‌లో ఇల్లు అద్దెకి తీసుకుని చేరిపోయాను. తలుపు మీద నా పేరు చెక్కించారు. అటుగా వెళ్ళినప్పుడల్లా దాన్ని వేలితో తడిమేదాన్ని, ఎవరూ చూడకుండా.

చేరిన కొత్తలోనే మా డిపార్ట్‌మెంట్ పెద్ద నన్ను లంచ్‌కి తీసుకెళ్ళాడు. మంచివాడే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. మాటల్లో పెద్దాయన ప్రస్తావన వచ్చింది. పాపం, వయసు మీద పడుతోంది అన్నాడు. కారులో నిన్ను సొంత విషయాలు అడిగానని తనంతట తనే హెచ్‌ఆర్‌కి వెళ్ళి చెప్పాడు, కమిటీ నుంచి తప్పించమన్నాడు. నువ్వేం చెప్పావని హెచ్‌ఆర్ వాళ్ళడిగితే మాత్రం నోరు విప్పలేదు. తీరా నిన్ను కనుక్కుంటే అసలు అలాంటిదేమీ జరగలేదన్నావు. మళ్ళీ ఆయన్ని పిలిచి అడిగితే, అయితే నేనే పొరబడ్డానేమో, మా అమ్మాయితో మాట్లాడిన మాటలు కలిసిపోయి ఉంటాయి అన్నాడట. మతిమరుపు మొదలైందని ఈ ఏడు పెద్ద క్లాసులు ఆయనకి ఇవ్వలేదు.

బిల్లు ఎవరు కట్టారో, క్యాంపస్‌కి ఎలా వచ్చానో గుర్తులేదు. తిన్నగా ఆయన గదికి వెళ్ళాను.

"అంకుల్, నేను హెచ్‌ఆర్‌కి వెళ్ళి నిజం చెప్పేస్తాను."

"ఏమని?"

"మీరు అడిగారని. నేనే లేదని అబద్ధం చెప్పానని."

"చెబితే నాకేం ఒరుగుతుందమ్మా? అడక్కూడనిది అడిగాడన్న మాట ఒకటి మిగులుతుంది. నీకేమో అబద్ధమాడి చేరిందన్న పేరొస్తుంది. ఇంకా పర్మనెంట్ అవ్వాలి నువ్వు."

"మరి మీకు మతిమరుపని అంటున్నారు కదా!"

"ఈ వయసులో మతిమరుపంటే ఎవరూ తప్పు పట్టరు. క్లాసులు తగ్గాయి, హాయిగా ఉంది." హాయిగా లేదని మొహమే చెబుతోంది. యాభై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి, ఇప్పుడు సగం రోజు ఖాళీగా కూర్చుంటున్నారు.

నాకు కోపం ఆగలేదు. "అసలు మీరెందుకు చెప్పారంకుల్? నువ్వు చెప్పలేదు, నేను వినలేదు అన్నారు కదా! నోరు మూసుకుని ఊరుకుంటే ఇంత రభస ఉండేదా?"

అంత పెద్దాయన్ని అలా అన్నందుకు నాకే సిగ్గేసింది. ఆయన మాత్రం నొచ్చుకోలేదు.

"వినలేదనుకుందామనే చూశానమ్మా. పొద్దున నువ్వు జవాబులు చెబుతుంటే ఒక్కటీ తలకెక్కలేదు. ఈ పిల్ల ఏమైనా తిన్నదా, కుర్చీలో ఒత్తుకుంటోందా, అదే ఆలోచన. ఆ బుర్రతో నీకు ఓటేస్తే జాలితో వేసినట్టు. వెయ్యకపోతే ఎందుకు వెయ్యలేదో నాకే తెలియదు. తప్పుకోవడం తప్ప ఇంకేం చెయ్యను? నువ్వు లేదంటావని కలగన్నానా?"

బ్యాగు భుజాన వేసుకున్నాను. లేవబోతుంటే, "పాప పేరేం పెట్టావు?" అన్నారు. చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకుని, మంచి పేరు అన్నారు.

హెచ్‌ఆర్ ఆఫీసు నా గదికి రెండు బిల్డింగుల అవతలే. ఆ వారమంతా దాని ముందు నుంచి తిరుగుతూనే ఉన్నాను. లోపలికి వెళ్ళలేదు. ఇంట్లో పాపకి పాలిస్తున్నా, క్లాసులో బోర్డు మీద రాస్తున్నా, వెళ్ళాలా వద్దా అన్న గోలే బుర్రలో. వెళ్తే నేను పోతాను, వెళ్ళకపోతే ఆయన ఇలాగే మిగిలిపోతారు. మావారిని అడిగితే పెద్దాయనే వద్దన్నారు కదా, వదిలెయ్ అన్నారు. వదిలెయ్యడం మావారికి ఎప్పుడూ సులువే.

ఆ పై వారం వరండాలో పెద్దాయన ఎదురయ్యారు. చేతిలో కాఫీ కప్పు, మొహం నిండా నవ్వు.

"ఎలా ఉన్నావమ్మా? ఇల్లు సెటిలయిందా?"

"అయింది, అంకుల్."

"పాప పేరేం పెట్టావు?"

ఆటపట్టిస్తున్నారనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. జవాబు కోసం తల కాస్త ముందుకు వంచి నిలబడ్డారు, మొదటిసారి అడుగుతున్నవాళ్ళు నిలబడేటట్టు. నేనాడిన అబద్ధం నిజమైపోతోందేమోనని భయమేసింది.

పేరు చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకుని, మంచి పేరు అన్నారు.