ఉదయశ్రీ గ్రూపులో కమలకుమారి ప్రశ్న

నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో ఉన్న ప్రాథమిక పాఠశాలలో కమలకుమారి ఒకటో తరగతికి చెబుతుంది. చిన్నపిల్లకు అన్నం కలిపి పెట్టినంత ఓపిగ్గా అక్షరం నేర్పే మనిషి. చిల్కానగర్ నుంచి బస్సులో వస్తూ, నిలబడ్డవాళ్ల సంచులు అడిగి మరీ తన ఒళ్లో పెట్టుకుంటుంది. అంతటి మనిషికీ ఒక్కరి మీద మాత్రం కడుపుమంట. ఆ ఒక్కరు ఉదయశ్రీ.

ఉదయశ్రీ అదే బడిలో నాలుగో తరగతి టీచరు, వయసులో చాలా చిన్నది. కొత్తగా వచ్చినప్పుడు నల్లబల్ల మీద రాత వంకర పోతుంటే దగ్గరుండి సరిచేసింది కమలకుమారే. ఆ అమ్మాయి ఫోన్లో టీచర్ల గ్రూపు ఒకటి మొదలుపెట్టింది. అందులో ఊసుపోక కబుర్లు ఉండవు. శనివారం నాడు ఒకరు తమ తరగతిలోని చిక్కును తమ పేరుతోనే అడగాలి. మిగతావాళ్లు తాము చేసి చూసిందే చెప్పాలి. అడిగినవారు వారం తర్వాత ఏమైందో రాయాలి, ఫలించకపోయినా సరే. ఆదిలాబాద్ నుంచి శ్రీకాకుళం దాకా టీచర్లు చేరారు. ఉదయశ్రీ ఫోను టింగుమన్నప్పుడల్లా పక్కగదిలో కమలకుమారి చేతిలో సుద్దముక్క విరిగేది.

ఉప్పల్‌లో టీచర్ల సమావేశానికి వెళితే ఎవరో కమలకుమారిని, "మీది ఉదయశ్రీ మేడం బడా?" అని అడిగారు. కమలకుమారి దగ్గర అ ఆలు దిద్దినవాళ్లు ఇప్పుడు తమ పిల్లల్ని తెచ్చి చేర్పిస్తున్న బడి అది.

"ఆమె బడి ఎప్పుడైంది? నేను సూస్తుండంగ వచ్చింది," అని బడిలో వంట చేసే శాంతాబాయి దగ్గర గొణిగింది.

"ఊకో టీచరమ్మా, గింత పప్పు ఏసుకో," అంది శాంతాబాయి, ఆమె కోసం తీసిపెట్టిన పప్పు వడ్డిస్తూ.

మర్నాడే కమలకుమారి, ఉదయశ్రీ తననూ చేర్చిన ఆ గ్రూపులోంచి బయటికొచ్చి సొంతంగా ఒకటి పెట్టింది. పైన సరస్వతీదేవి బొమ్మ. ఫోన్లో నంబరున్న ప్రతి టీచరునూ అడగకుండానే చేర్చేసింది. సగంమంది చెప్పకుండా వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు పొద్దున్నే దేవుళ్ల పటాలు పంపేవారు. దేవుడి ముఖం చూసి రోజు మొదలుపెట్టడం మంచిదే. కానీ పటం వెనక పటమే తప్ప పాఠం ఊసు ఒక్కనాడూ రాలేదు.

అలా ఉండగా ఆమె తరగతిలో మమత చేరింది. ఒడిశా నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చినవాళ్ల పిల్ల. తెలుగూ రాదు, హిందీ రాదు. భుజాన సంచీ దించకుండా తలుపు పక్కనే కూర్చుని ఏడ్చేది. కమలకుమారి బొమ్మలు చూపింది, బిస్కెట్టు ఇచ్చింది, ఒళ్లో కూర్చోబెట్టుకుంది. పిల్ల నోరు విప్పలేదు. ఒక శుక్రవారం తండ్రి వచ్చి, సోమవారం కూడా ఏడిస్తే ఇక బడి మాన్పించి ఊళ్లో నానమ్మ దగ్గర వదిలేస్తానని వచ్చీరాని హిందీలో చెప్పాడు.

కమలకుమారి తన గ్రూపులో అడిగింది. ఒక వెంకటేశ్వరస్వామి పటం వచ్చింది.

శనివారం ఉదయశ్రీ దగ్గరికి వెళ్లక తప్పలేదు.

"ఉదయా, జర మమత సంగతి నువ్వే అడుగరాదు మీ గ్రూపుల. నా పేరెందుకు?"

"మీ పేరుతోనే అడగాలె అక్కా. ఎట్లయిందో తర్వాత చెప్పాల్సింది మీరే గద. ఆగుండ్రి, నేను చేరుస్త."

"మళ్ల చేరినట్టు అందరికీ కనవడ్తది."

"కనవడనీ అక్కా. ఏమైతది?"

ఆ మాటలో ఎగతాళి ఉందేమోనని కమలకుమారి వెతికింది. లేదు. ఉంటే బాగుండుననిపించింది. కోపం తెచ్చుకోవడానికైనా ఏదో ఒకటి దొరకాలి కదా.

"సరే, చేర్చు," అంది.

సాయంత్రానికి ఇచ్ఛాపురం నుంచి బుచ్చిబాబు అనే మాస్టారు గొంతు రికార్డు చేసి పంపాడు. ఒడిశా సరిహద్దు ఊరు కావడంతో ఆయన తరగతిలో ఒడియా పిల్లలు ఎక్కువ. "ముందు తెలుగు వద్దండీ. ఆ పిల్ల మాటే మీరు నేర్చుకోండి. తప్పు పలకండి, పర్లేదు. దిద్దడానికైనా నోరు విప్పుద్ది," అన్నాడు. రా అనడానికి 'ఆసొ', కూర్చో అనడానికి 'బొసొ' అని నిదానంగా పలికి వినిపించాడు.

సోమవారం గుమ్మంలో నిలబడి కమలకుమారి, "ఆసొ మమతా, బోసు," అంది. తరగతంతా పకపకా నవ్వింది. మమత తలెత్తింది. ఏడుపు ఆపి, "బొసొ," అని దిద్దింది. కాసేపటికి సంచీ దించి టీచరు పక్కన కూర్చుంది. సాయంత్రం తండ్రి వచ్చి తొంగిచూసి, రేపు కూడా పంపుతానన్నాడు.

వారం తర్వాత కమలకుమారి జరిగినదంతా గ్రూపులో రాసింది. బుచ్చిబాబు వెంటనే, "అంతా ఉదయశ్రీ మేడం పుణ్యమండీ!" అని రాశాడు.

పిల్ల తనది, ప్రశ్న తనది, తరగతి ముందు నవ్వులపాలైంది తను. పుణ్యం మాత్రం ఉదయశ్రీది! ఏదో రాయబోయింది, చెరిపేసింది. ఇంకోటి రాసింది, అదీ చెరిపేసింది. తరగతి కిటికీలోంచి మమత పక్కపిల్లకు ఏదో చెబుతున్న గొంతు వినిపించింది.

చివరికి "అవునండీ" అని మాత్రం రాసి పంపింది. అంతకంటే పెద్ద మాట ఆ శనివారం ఆమె వల్ల కాలేదు.