తొట్టి మీది లైటు

సూరత్ నగరం లింబాయత్‌లోని ఆ ఇరుకు గల్లీలో రాజనర్సు ఇల్లేదంటే ఎవరూ చెప్పలేరు గానీ, చేపల రాజనర్సు ఇల్లంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మీసాలు రాని వయసులో వచ్చి, సూరత్ మగ్గాల మోతలో సగం చెవులు పోగొట్టుకున్న మనిషి. మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. ఆ అరుపు కోపమో, ఉత్త మాటో భార్య భూదేవికి కూడా ఒక్కోసారి తెలిసేది కాదు. ఆ సంగతి ఆయనకు ఇన్నేళ్లూ తట్టలేదు. ఈమధ్యే తట్టింది. తట్టిన దగ్గర్నుంచీ అన్నం సయించడం లేదు.

కూతురు మంగ పెళ్లయి బార్డోలీ వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయింది. అప్పుడే, ఖటోదరాలో తను పనిచేసే కార్ఖానా సేఠ్ ఆఫీసు సర్దుతూ ఓ అద్దాల తొట్టిని పారేయబోతుంటే, రాజనర్సు అడిగి తెచ్చుకున్నాడు. అడుగున మట్టీ ఇసుకా పరిచి, నీటిమొక్కలు నాటి, ఎర్రతోకల చిన్న చేపల్ని వదిలాడు. మొక్కలకు వెలుగు చాలదని చేపల దుకాణం ఓంప్రకాష్ అనడమే ఆలస్యం, తెల్లగా కాసే మంచి లైటు తెచ్చి తొట్టి మీద బిగించాడు.

అప్పటికి దసరా నుంచీ ఇంట్లో ట్యూబులైటు చచ్చి పడి ఉంది. ఉన్నదల్లా పొయ్యి పైన గుడ్డి బల్బు ఒక్కటే. "జర ట్యూబులైటు తెస్తవా?" అని భూదేవి అడిగేది. "రేపు తెస్త తియ్" అనేవాడు. చేపల మేత అయిపోతే మాత్రం ఆ సాయంత్రమే పరుగెత్తేవాడు, మహానుభావుడు!

తొట్టి అందంగా కుదురుకుంటున్నదనగా పాచి మొదలైంది. ముందు అద్దాల మీద పచ్చగా, తర్వాత ఆకుల అంచుల్లో నల్లటి గడ్డంలా. రాజనర్సు పాత పళ్లబ్రష్ తీసుకుని, కండెకు నూలు చుట్టినట్టు ఆ పోగుల్ని చుట్టి లాగేవాడు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చేది. మేత తగ్గించాడు, నీళ్లు మార్చాడు, పాచి తింటాయంటే నత్తల్ని తెచ్చి వేశాడు. నత్తలు బలిశాయి, పాచీ బలిసింది.

"లైటు ఎంతసేపు వేస్తున్నావ్?" అన్నాడు ఓంప్రకాష్.

"పొద్దుగూకినంక నేనొచ్చి ఏస్త, పండేటప్పుడు ఆర్పుత. అంతే."

"కాదు భాయ్. ఈ పాచి పగలంతా వెలుగు తిన్న పాచి. ఇంట్లో అడుగు."

అడిగాడు, తన పద్ధతిలో. "పగటిపూట లైటు నువ్వేమన్న ఏస్తున్నవా?" అన్న కేక పక్కింటిదాకా వినబడింది. భూదేవి తలెత్తకుండా "నేనెందుకేస్త?" అంది.

ఒకరోజు కార్ఖానాలో మోటారు కాలిపోయి మగ్గాలు ఆగిపోతే, రాజనర్సు మధ్యాహ్నమే ఇల్లు చేరాడు. తలుపు తీసి ఉంది. తొట్టి మీద లైటు వెలుగుతోంది. దాని కిందికి జరిగి, ఒడి నిండా చీర పరుచుకుని, అద్దానికి తల ఆనించి భూదేవి చమ్కీలు కుడుతోంది. మంగ వెళ్లిపోయాక పగలు పొద్దుపోక, దుకాణం వాళ్ల చీరలు తెచ్చుకుని కూలికి పట్టిన పని అది. పక్క మేడలు గాలినీ వెలుగునూ ఆపేసిన ఆ గదిలో, సూదిలో దారం ఎక్కించేంత వెలుగు ఆ తొట్టి దగ్గరే ఉంది.

రాజనర్సుకు అదేమీ కనబడలేదు. పాచి కనబడింది. "నా కష్టమంత మట్టిల కలిపినవ్ గదనే! చేపలకన్న ఉన్నది బుద్ధి, నీకు లేదు!" అని మెట్లదాకా వినబడేలా అరిచాడు. ఆమె చీర మడిచి సంచిలో పెట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది. మర్నాటి నుంచీ ఆయన లైటు తీగ నుంచి ప్లగ్గు ఊడదీసి, చొక్కా జేబులో వేసుకుని పనికి పోవడం మొదలుపెట్టాడు.

పాచి తగ్గింది. చూస్తుండగానే అద్దాలు తేటపడ్డాయి, ఆకులు నిగనిగలాడాయి. సెలవు రోజున రాజనర్సు సంబరంగా భార్యను పిలిచాడు. "సూడు, ఎట్లున్నదో! ఇగ పాచి మొకం సూడం."

భూదేవి వచ్చి వంగి, అద్దం మీద చెయ్యి ఆనించి చూసింది. "మంచిగున్నది" అంది. నిజంగానే మెచ్చుకుంది పాపం. ఆ చేతి వేళ్లకు గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి.

"ఏమైందే ఏళ్లకు?"

"సూది. చీకట్ల కానొస్తలేదు, గుచ్చుకుంటున్నది." కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది. "ఒక చీరకు రక్తం మరకైతే వాపసిచ్చిన్రు. ఉతికిన తియ్, పోయింది."

జేబులో ప్లగ్గు ఉంది. సెలవు రోజు కూడా దాన్ని జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆకు అంచున వెంట్రుకంత పాచిని పట్టుకునే తన కళ్లకు, రోజూ అన్నం వడ్డించే ఈ వేళ్లు కనబడనే లేదు. రాజనర్సుకు సిగ్గేసింది. ట్యూబులైటు కొంటే సరిపోయేదే, కానీ ఆ పూట అంగడికి వెళ్లొచ్చేదాకా ఆగడానికి కూడా మనసొప్పలేదు. తొట్టి మీది లైటు ఊడదీసి, ఇప్పుడామె కూర్చుంటున్న కిటికీ పక్కన మేకు కొట్టి వేలాడదీసి, జేబులోని ప్లగ్గు తగిలించాడు. "ఇది నీదే. ఎప్పుడన్న ఏసుకో, ఎంతసేపన్న ఏసుకో" అన్నాడు. గొంతు తగ్గించి చెప్పాలనుకున్నాడు గానీ, అదీ అరుపులాగే వచ్చింది.

వెలుగు లేక నాజూకు మొక్కలు పసుపెక్కాయి. వాటిని ఓంప్రకాష్‌కు ఇచ్చేశాడు. నీడలో బతికే రెండు మొండి మొక్కలే మిగిలాయి. పాచి పేరుకు కూడా లేదు. ఇన్నాళ్లూ కోరుకున్నది ఇదే గదా అని తొట్టి వైపు చూస్తే, ఆయనకు సంతోషమే కలగలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం గల్లీ మలుపు తిరిగేసరికి తన ఇంటి కిటికీ తెల్లగా వెలుగుతూ కనిపించింది. ప్రాణం కుదుటపడింది. మెట్ల మీద అడుగు పెట్టాడో లేదో, కిటికీ చీకటైపోయింది. కరెంటు పోయిందనుకున్నాడు. చూస్తే పక్కిళ్లన్నీ వెలుగుతున్నాయి. పైకి వెళితే భూదేవి గుడ్డి బల్బు కింద నిలబడి ఉంది. చీర సంచిలో ఉంది.

"ఎందుకు ఆర్పినవే? అది నీదే అని చెప్పిన గద."

"ఏమో. నీ చెప్పుల సప్పుడు ఇనంగనే చెయ్యి స్విచ్చి మీదికి పోయింది" అని నవ్వేసి, నీళ్లచెంబు అందించింది.

రాజనర్సు ఎన్నిసార్లో చెప్పి చూశాడు. ఆమె సరేనంటుంది, అడుగుల చప్పుడు వినగానే ఆర్పేస్తుంది. ఇప్పుడు ఆయన పని దిగి వచ్చి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, కిటికీ కింద గోడకు ఆనుకుని నిలబడుతున్నాడు. ఎవరన్నా అడిగితే మెట్లెక్కే ముందు ఆయాసం తీర్చుకుంటున్నానంటాడు. పైన ఆమె ఇంకో పువ్వు కుట్టుకునేదాకా ఆగి, అప్పుడు మెట్లెక్కుతున్నాడు.